చాలు

కర్ర మీద గీతలు నేనే గీశాను
హాక్సా బ్లేడుతో. గీతకు పది లీటర్లు.
రెక్క మీదికి వంగి, మూత తిప్పి, లోపలికి దించితే
లేత నీలం పెట్రోలు ఎక్కడిదాకా ఉందో
తడి చెబుతుంది.
వెంటనే చూడాలి.
విశాఖ ఎండలో అయిదు లెక్కపెట్టేలోగా
సాక్ష్యం ఆవిరైపోతుంది.

ఆ ఉదయం చూడలేదు.
పట్నాయక్ సార్ అరచెయ్యి పైకెత్తి
"చాలు లోవరాజూ" అన్నాడు.
వైశాఖమాసం, ఇద్దరు మనుషులు, ఇంకా బరువెందుకని.
జోయెల్ అప్పటికే లోపల కూర్చున్నాడు,
కొత్త బూట్ల మీద ధర చీటీ ఇంకా ఊడదియ్యలేదు.
నేను పైపు ఆపేశాను.

మన ఇళ్ళలో చాలు అంటే ఎవరైనా ఆగుతారా?
విస్తరికి రెండు చేతులు అడ్డంపెట్టినా
వేళ్ళ సందుల్లోంచి ఇంకో గరిటె పప్పు పడాల్సిందే.
మా ఇంటిదైతే చెవుడొచ్చినట్టు వడ్డిస్తుంది.
నేనొక్కణ్ణే ఆ పూట
మర్యాదస్తుడిలా
మొదటి చాలుకే ఆగిపోయాను.

కళింగపట్నం దాకా గాలి
వీపు మీద చెయ్యేసి తోసిందట.
దీపస్తంభం చుట్టి వెనక్కి తిరిగితే
అదే గాలి, అదే చెయ్యి, ఈసారి ఛాతీ మీద.
ముల్లు పావు చూపిస్తూనే ఉంది.
ఆ ముల్లు సంగతి షెడ్డులో అందరికీ తెలుసు,
ముసలి విమానం, అది ఎప్పుడూ పావే అంటుంది.
అలవాటైపోయిన అబద్ధాన్ని ఎవరు దిద్దుతారు?

గోస్తని సముద్రంలో కలిసే చోట
ఇంజను రెండుసార్లు దగ్గింది.
కంచరపాలెంలో నా పాత స్కూటరైతే
పక్కకు వంచి, ఓ కుదుపు కుదిపి,
బంకు దాకా ఎలాగో లాగించేవాణ్ణి.
ఆకాశాన్ని ఏ పక్కకు వంచుతావు?

భీమిలి ఇసుకలో దిగింది.
దిగింది అనకూడదేమో.
"సప్పుడు నేదు బాబూ, గెద్దలాగొచ్చీసినాది"
అంది వల అల్లుకుంటున్న మైలపల్లి నూకాలు.
మంట లేస్తుందని తడి ఇసుక తట్టలతో పరిగెత్తారట.
తట్టలు నిండుగానే మిగిలాయి.
మండడానికి ఏమైనా ఉండాలి కదా.

నూకాలు మొగుడు నన్ను పక్కకు పిలిచి
అడగలేక అడిగాడు:
"యాటకెల్తే మేం డీజిలు మూడు పాల్లు సేత్తాం.
ఎల్లడానికొకటి, రాడానికొకటి,
మూడోది గంగమ్మది, ముట్టుకోం.
మీకు పైనెవులూ నేరేటి?"

జవాబు చెప్పకుండా వంగిపోయిన రెక్క ఎక్కి
కర్ర దించాను. పొడిగా పైకొచ్చింది.
మళ్ళీ దించాను.
అడుగున అది తగిలిన చప్పుడు
ఇప్పటికీ, మా ఇంట్లో బియ్యం డబ్బా అడుక్కి
సోల తగిలినప్పుడల్లా.

విచారణలో, ఎంత పోశావన్నారు.
సార్ చాలన్నంత, అన్నాను.
రాసుకునే కుర్రాడు కలం ఆపి తలెత్తాడు.
ఆ కొలతకు ఫారంలో గడి లేదు.
లీటర్లలో అడిగారు, గాలన్లలో అడిగారు,
ఎటు తిప్పి లెక్కేసినా
పదిహేను నిమిషాలు తక్కువే వచ్చింది.

పట్నాయక్ సార్ ఇప్పుడు క్లబ్బు గోడ మీద ఉన్నాడు,
ప్లాస్టిక్ దండలో.
జోయెల్ కాల్లో రాడ్డు.
నిన్న వచ్చాడు, చంకకింద కర్రతో.
తిట్టడానికే వచ్చాడనుకుని స్టూలు వేశాను.
కూర్చోలేదు. నా కర్ర అడిగి తీసుకుని
గీతలన్నీ బొటనవేలితో తడుముతూ వచ్చి
ఒకచోట ఆగాడు.
"రెండో గీత మీద ఈ చిన్న గాటేంటి బాబాయ్?"

ఆ రాత్రి నిద్రపట్టక గీసింది.
"చెయ్యి అడ్డంపెట్టాక పోసేది" అన్నాను.

బయట కొత్త మేడమ్ వాచీ చూసుకుంటూ పిలుస్తోంది,
సముద్రం మీద మబ్బు పట్టేలోగా లేవాలట.
ఆగమన్నాను.
కర్ర ఇంకా జోయెల్ చేతిలోనే ఉంది.